ఎలక్ట్రీషియన్ బిల్లు సరైనదేనా? పాయింటు, కూలి, గుత్త, యాప్: ఏ పనికి ఏ లెక్క

బెంగళూరులో ఇంటి కరెంటు పనికి బిల్లు చేతికి రాగానే అందరి కళ్లూ అట్టడుగున ఉన్న అంకె మీదే పడతాయి. పక్క ఫ్లాటువాళ్లు ఎంతిచ్చారో అడుగుతాం. మనది ఎక్కువైతే దోచాడంటాం, తక్కువైతే గెలిచామంటాం. ఆ పోలికతో తేలేది చాలా తక్కువ. వాళ్లు పాయింటు లెక్కన (ఒక్కో లైటుకో ప్లగ్గుకో ఇంత అని) ఇచ్చి ఉంటారు, మీరు రోజు కూలి ఇచ్చి ఉంటారు. వాళ్ల గోడ బ్లాకులతో కట్టింది, మీది ఇటుక ముక్క లేని కాంక్రీటు కావచ్చు. వైరు వాళ్లే కొనుక్కుని ఉంటారు, మీకు మేస్త్రీ తెచ్చి ఉంటాడు. బిల్లులో ముందు చూడాల్సింది దేన్ని కొలిచి లెక్క కట్టారన్నది. పనికి తగని కొలత పెట్టుకుంటే నిజాయితీ గల మేస్త్రీ రాసిన బిల్లు కూడా ఎక్కువే అనిపిస్తుంది.

పిలిచే ముందు ఒక్క నిమిషం

కరెంటు పోయిందంటే ముందు పక్కింట్లో ఉందో లేదో చూడండి, మీటరు వెలుగుతోందో లేదో చూడండి. స్తంభం నుంచి మీటరు దాకా బాధ్యత కరెంటు సరఫరా సంస్థ బెస్కాంది. అక్కడి లోపానికి 1912కి ఫోన్ చేయాలి, ఎలక్ట్రీషియన్‌కు డబ్బు ఇవ్వనక్కర్లేదు. మీటరు దాటాక మీది. అపార్ట్‌మెంట్లలో మీటరు గది నుంచి ఫ్లాటు దాకా వచ్చే కేబులు ఎవరి ఖర్చో అసోసియేషన్‌ను అడిగి తెలుసుకోండి. లైట్లు ఒక్కసారిగా మరీ ప్రకాశంగా వెలిగి, కొన్ని గదుల్లో మసకబారితే న్యూట్రల్ (కరెంటు తిరిగి వెళ్లే వైరు) ఊడి ఉండవచ్చు. మెయిన్ వెంటనే దించేయండి. ఆ లోపం బయటిదైతే ఇంట్లో బోర్డులు విప్పి చూసిన గంటలకు కూలి దండగ.

ఏ లెక్క ఎంచుకోవాలో తేల్చే నాలుగు ప్రశ్నలు

పని ముందే లెక్కపెట్టగలమా? పది కొత్త ప్లగ్గులు పెట్టించడం లెక్కకు దొరుకుతుంది. 'ఆర్‌సీసీబీ ఊరికే పడిపోతోంది' అనేది దొరకదు (కరెంటు లీకైతే సరఫరా ఆపేసే స్విచ్చి అది).

గోడ ఎలాంటిది? బెంగళూరులో ఈమధ్య కట్టిన పెద్ద అపార్ట్‌మెంట్లలో చాలావాటికి మైవాన్ పద్ధతిలో (అల్యూమినియం అచ్చుల్లో) పోసిన కాంక్రీటు గోడలే ఉంటాయి. వాటిలో గాడి కొట్టడం కష్టం, లోపల ఇనుము ఉంటుంది, అసోసియేషన్లు కూడా ఒప్పుకోవు. పైపు గోడ మీదే పరచాలి, లేదా ఫాల్స్ సీలింగ్ పైనుంచి తిప్పి తేవాలి. బసవనగుడి, మల్లేశ్వరం వైపు పాత ఇటుక గోడల ఇళ్ల పాయింటు రేటును వీటితో పోల్చలేం.

సామాను ఎవరు కొంటున్నారు? బిల్లులో గొడవలు ఎక్కువగా పుట్టేది ఇక్కడే. దీని గురించి కింద వివరంగా ఉంది.

పని చెడితే మళ్లీ ఎవరు వస్తారు? రేటు తక్కువైన చోట సాధారణంగా ఈ ప్రశ్నకు జవాబుండదు.

నాలుగు లెక్కలు పక్కపక్కన

| లెక్క | ఏ పనికి నప్పుతుంది | బిల్లు ఎక్కడ పెరుగుతుంది | ముందే రాయించుకోవాల్సింది |
|---|---|---|---|
| పాయింటు లెక్క | కొత్త వైరింగు, ఇంటీరియర్ పని | పాయింట్ల సంఖ్యలో | ఏది ఒక పాయింటు, ఏది అర పాయింటు |
| రోజు కూలి | లోపం వెతకడం, పాత ఇంటి మరమ్మతు | రోజుల్లో, సామాను కోసం తిరిగే సమయంలో | ఎన్ని గంటలు ఒక రోజు, హెల్పర్ కూలి ఎంత |
| గుత్త | ఇల్లంతా ఒకేసారి, డ్రాయింగు ఉన్నప్పుడు | 'ఇది అందులో లేదు' అన్న మాటలో | సామాను బ్రాండు, సైజు, మినహాయింపులు |
| యాప్ రేటు కార్డు | ఫ్యాను, గీజరు బిగింపు, స్విచ్చి మార్పు | వచ్చి చూశాక కలిపే పనుల్లో | కార్డులో లేని పనికి ముందుగా రేటు |

పాయింటు లెక్క: గొడవంతా 'పాయింటు' అంటే ఏమిటన్న దగ్గరే

పాయింటు రేటు ఎంత అని అడిగేవాళ్లే అంతా. పాయింటు అంటే ఏమిటని అడిగేవాళ్లు తక్కువ. ఒక హాలు తీసుకోండి: ఫాల్స్ సీలింగులో ఎనిమిది చిన్న లైట్లు (రెండు స్విచ్చిల మీద, నాలుగేసి), ఒక ఫ్యాను, రెండు 6 ఆంపియర్ల ప్లగ్గులు, ఏసీకి ఒక 16 ఆంపియర్ల ప్లగ్గు. స్విచ్చికి ఒక పాయింటు అని లెక్కపెడితే 6. ప్రతి లైటుకూ ఒక పాయింటు, ఫ్యాను రెగ్యులేటరుకు ఇంకొకటి అంటే 13. స్విచ్చి మీద మొదటి లైటుకు పూర్తి పాయింటు, మిగతావాటికి అర పాయింటు అంటే 9. లెక్క సులువు కోసం పాయింటు కూలి 200 రూపాయలనుకుంటే, అదే హాలు 1,200 నుంచి 2,600 దాకా పోతుంది. ఇందులో ఎవరూ ఎవరినీ మోసం చేయలేదు, లెక్కలు మూడూ వాడుకలో ఉన్నవే. ఫాల్స్ సీలింగు లైట్లకు అర పాయింటు పద్ధతే సబబు. రెండో లైటుకు కూడా వైరు లాగాలి, కానీ కొత్త స్విచ్చి, కొత్త బాక్సు పని లేదు.

రేటు మాట్లాడేటప్పుడు ఈ అయిదు విడివిడిగా తేల్చుకోండి:

- మెట్ల దగ్గర రెండు చోట్ల నుంచి వేసి ఆర్పే టూ వే స్విచ్చి: ఒకటా, ఒకటిన్నరా, రెండా? అదనంగా వైర్లు లాగాలి కాబట్టి ఒకటి కంటే ఎక్కువ అడగడం తప్పు కాదు.
- 16 ఆంపియర్ల పవర్ ప్లగ్గు: డీబీ (ఇంటి వైర్లన్నీ చేరే పెట్టె) నుంచి నేరుగా లావు వైరు రావాలి, దానికి రేటు వేరేగా ఉండాలి.
- డీబీ నుంచి స్విచ్‌బోర్డు దాకా వచ్చే సర్క్యూట్ వైరింగు: పాయింటులో కలిసిందా, మీటర్ల లెక్కన వేరా? ప్రభుత్వ పనుల్లో దీన్ని వేరుగా మీటర్లలోనే కొలుస్తారు. ఇళ్ల పనుల్లో మాత్రం చెప్పకుండా వదిలేసి చివర్లో కలుపుతారు.
- లైటు, ఫ్యాను బిగింపు: వైరు లాగడం ఒక పని, ఫిట్టింగు పెట్టడం ఇంకో పని. షాండ్లియర్ ఉంటే ఇది గట్టిగా తేల్చుకోండి.
- గాడి కొట్టడం, పూడ్చడం: కొట్టేది ఎలక్ట్రీషియన్, పూడ్చేది తాపీ మేస్త్రీ అయితే రెండో కూలి ఎవరిది?

మేస్త్రీ తెలుగువాడు కాకపోతే ఈ రెండు కన్నడ మాటలు చాలు: 'ఒందు పాయింట్‌గె ఎష్టు?' 'లేబర్ మాత్రనా, మెటీరియల్ సేరినా?' పాయింటుకు ఎంత, కూలి మాత్రమేనా సామానుతో కలిపా అని.

రోజు కూలి: వెతుకులాటకు ఇదే న్యాయం

చాలామంది రోజు కూలి అంటే భయపడతారు, పని సాగదీస్తాడని. కానీ లోపం వెతికే పనిని పాయింటు లెక్కన ఇస్తే ఇద్దరిలో ఒకరు తప్పక నష్టపోతారు. ఆర్‌సీసీబీ సంగతే చూడండి. ఇళ్లలో వాడేది సాధారణంగా 30 మిల్లీ ఆంపియర్ల లీకేజీకి పడిపోయేలా తయారైంది. ఎంసీబీలన్నీ (డీబీలో ఒక్కో వైరు దారికి ఉండే స్విచ్చిలు) దించి, ఆర్‌సీసీబీ ఎక్కించి, ఒక్కొక్క ఎంసీబీ వేసుకుంటూ పోతే ఏది ఎక్కించినప్పుడు పడిందో తెలుస్తుంది. ఇది మీరూ చేయగలరు. చాలాసార్లు చివరికి గీజరు ఎలిమెంటే దోషి అని తేలుతుంది. చిక్కు ఎక్కడంటే, మామూలు సింగిల్ పోల్ ఎంసీబీ ఫేజును (కరెంటు తెచ్చే వైరును) మాత్రమే కోస్తుంది. న్యూట్రల్ వైరు ఎక్కడో ఎర్తుకు తాకి ఉంటే ఎంసీబీలన్నీ దించినా ఆర్‌సీసీబీ పడుతూనే ఉండవచ్చు. అప్పుడు డీబీలో న్యూట్రల్ వైర్లు ఒక్కొక్కటే విప్పి వెతకాలి. దానికి రెండు గంటలు పట్టవచ్చు. చివరికి మార్చింది ఒక టేపు చుట్టిన జాయింటే అవుతుంది. సామాను ఖర్చు సున్నా, కూలి మాత్రం పూర్తి గంటలకు. అది సరైన బిల్లు.

అనుమానించాల్సింది దీనికి ఎదురుగా ఉండే బిల్లును: పది నిమిషాల్లో 'ఆర్‌సీసీబీ పోయింది సార్' అని కొత్తది పెట్టి వెళ్లడం. పాతదాని టెస్ట్ బటన్ నొక్కితే పడుతోందా, దాని కింద ఉన్న వైర్లన్నీ విప్పినప్పుడు నిలబడుతోందా అని అడగండి. రెంటికీ అవుననే జవాబొస్తే దోషం దానిది కాదు. ఆర్‌సీసీబీ తీసేసి నేరుగా కలిపి 'ఇక పడదు' అని చెప్పేవాడికి కూలి ఇచ్చి పంపేయండి, మళ్లీ పిలవకండి.

రోజు కూలిలో జారిపోయేది సామాను కోసం తిరిగే సమయం. పొద్దున తొమ్మిదికి వచ్చి పదకొండు దాకా దుకాణంలో ఉంటే అది కూడా మీ రోజే. ముందు రోజే సామాను జాబితా రాయించి తెప్పించుకోండి. గాడి కొట్టడం, పైపు లాగడం హెల్పర్ పని. డీబీ కలపడం, పరీక్షించడం మేస్త్రీ పని. మేస్త్రీ లేకుండా హెల్పర్ ఒక్కడే పనిచేసిన రోజు బిల్లులో హెల్పర్ కూలిగానే కనబడాలి.

పాత పైపులో కొత్త వైరు లాగే పనికి మాత్రం కాస్త ఓపిక కావాలి. పైపులో సిమెంటు పడి ఉన్నా, ఎల్బో దగ్గర పాత ఇనుప పైపు తుప్పు పట్టినా వైరు లాగే స్ప్రింగు ముందుకు పోదు. ఒక్క బెడ్‌రూముకే అరరోజు పోవచ్చు. మనిషి సోమరి అనుకునే ముందు స్ప్రింగు ఎక్కడ ఆగిందో చూపించమనండి. నిజంగా ఆగితే చూపిస్తాడు.

గుత్త: మొత్తం ఒకటే, వివరాలు కనబడవు

ఇల్లంతా ఇంత అని గుత్తకు ఒప్పుకుంటే రోజూ లెక్క చూసే బాధ తప్పుతుంది. మిగులు ఎవరిదన్నదే ఇక్కడ కిటుకు. వైరు సైజు ఒక మెట్టు తగ్గిస్తే మిగిలేది కాంట్రాక్టరుకు. గోడ మూసేశాక మీకు కనబడదు. అందుకే గుత్త కాగితంలో వైరు సైజులు రాయించాలి: లైట్లకు 1 లేదా 1.5, మామూలు ప్లగ్గులకు 1.5 లేదా 2.5, గీజరు, ఏసీలకు 4. దుకాణంలో వీటిని 'ఎంఎం' అంటారు కానీ ఇది చదరపు మిల్లీమీటర్ల కొలత. 2 కిలోవాట్ల గీజరు దాదాపు 9 ఆంపియర్లు తీసుకుంటుంది, 3 కిలోవాట్ల ఇన్‌స్టంట్ గీజరు 13 ఆంపియర్లు. 'ఒకటిన్నర చాలు సార్' అనేవాడి గుత్త ఎందుకు చౌకో అర్థమైందిగా.

ఎర్తు వైరు కూడా గుత్తలో మాయమయ్యే సరుకే. లైటు వెలుగుతుంది, ఫ్యాను తిరుగుతుంది, ఎర్తు లేదని మీకు తెలిసేది గీజరు కుళాయి ముట్టుకున్నప్పుడే. ప్రతి ప్లగ్గు దాకా పచ్చ వైరు అని ఒక్క వాక్యం రాయించండి. గోడ పూడ్చకముందే పైపుల ఫొటోలు తీసుకోండి. రేపు షెల్ఫు బిగించేటప్పుడు డ్రిల్లు ఎక్కడ పెట్టకూడదో కూడా అవే చెబుతాయి.

ఇంటీరియర్ కంపెనీల ప్యాకేజీలో కరెంటు పని ఒకే వరుసగా ఉంటే పాయింట్ల జాబితా వేరే కాగితంగా అడగండి. ఇవ్వకపోతే ఆ వరుస మీద బేరం ఆడడానికి మీ దగ్గర ఏమీ లేనట్టే.

యాప్: చిన్న పనికి నిశ్చింత, పెద్ద పనికి కాదు

ఫ్యాను బిగింపు, బెల్లు మార్పు, ఒక స్విచ్చి లాంటివాటికి రేటు ముందే కనబడుతుంది, బేరం ఉండదు. మరాఠహళ్లిలోనో ఎలక్ట్రానిక్ సిటీలోనో కొత్తగా దిగినవాళ్లకు తెలిసిన మనిషి ఉండడు, వాళ్లకు ఇదే మంచిది. అయితే విజిటింగ్ చార్జీ పనిలో కలుస్తుందా వేరా చూడండి. అయిదారు చిన్న పనులు పోగేసి ఒకే బుకింగులో చేయించండి. గోడ లోపలి లోపాలకు యాప్ నప్పదు. వచ్చిన మనిషికి తర్వాతి బుకింగు టైము ముంచుకొస్తుంటుంది, తొందరగా తేలే జవాబే వెతుకుతాడు.

అపార్ట్‌మెంటు అసోసియేషన్ ఎలక్ట్రీషియన్ కూడా ఒక దారి. ఏ షాఫ్టులో ఏ కేబులు ఉందో అతనికి తెలుసు, వెతుకులాట సగం తప్పుతుంది. ఫ్లాటు లోపలి పనులకు రేట్ల పట్టిక ఉందేమో ఆఫీసులో అడగండి. చాలా చోట్ల ఉంటుంది.

సామాను వరుస చదవడం

వైర్లు, స్విచ్చిల మీద లిస్టు రేటు ఒకటి, దుకాణం అసలు అమ్మే రేటు ఇంకొకటి. తగ్గింపు తీసివేయకుండా లిస్టు రేటు బిల్లులో వేస్తే ఆ తేడా మేస్త్రీ జేబులోకి పోతుంది. దుకాణాలు మేస్త్రీలకు కమీషన్ ఇవ్వడం కొత్తేమీ కాదు. ఆ కమీషన్ మీద కోపం పెట్టుకోనక్కర్లేదు, సామాను ఎంచి, మోసి, తప్పు సైజు వస్తే తిరిగిచ్చే పనికి అది కూలి లాంటిదే. కానీ ఎంతో తెలియాలి. బీవీకే అయ్యంగార్ రోడ్డులోనో మీ పేట దుకాణంలోనో అదే బ్రాండు, అదే సైజుకు కొటేషన్ అడిగితే పది నిమిషాల్లో తేలుతుంది. పెద్ద పనైతే మేస్త్రీ జాబితా ప్రకారం మీరే కొని, బిల్లు మీ పేరున తీసుకోండి. ఎంసీబీ, ఫ్యాను వారంటీకి ఎలాగూ ఆ బిల్లే కావాలి.

పరిమాణం లెక్క కష్టం కాదు. డీబీ నుంచి బాత్‌రూము గీజరు దాకా పైపు దారి 12 మీటర్లనుకోండి. ఫేజు, న్యూట్రల్, ఎర్తు మూడు వైర్లు: 36 మీటర్లు. రెండు కొసల్లో వదిలేది, తరుగు కలిపి 40. కానీ వైరు కాయిలు 90 మీటర్లు, రంగుకొకటి. ఎరుపు, నలుపు, పచ్చ మూడు కాయిళ్లు తెస్తే 270 మీటర్లు. 40 మీటర్ల పనికి బిల్లు అంత ఎందుకైందో ఇక్కడ తెలుస్తుంది. ఒక్క పాయింటు పనికి మీటర్ల లెక్కన తెగకోసి ఇచ్చే దుకాణం చూడండి, మీటరుకు రేటు కాస్త ఎక్కువైనా మొత్తం తక్కువే. కాయిలు కొంటే మిగిలింది మీది, ఇంట్లో పెట్టించుకోండి.

వైరు మీద అచ్చు చదవండి: కంపెనీ పేరు, సైజు, 1100 వోల్టులు, ఐఎస్‌ఐ గుర్తు, ఐఎస్ 694, సీఎం/ఎల్ (లైసెన్సు) నంబరు. ఆ నంబరును బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే లైసెన్సు ఎవరిదో వస్తుంది. తీసేసిన పాత సామాను మీ చేతికి ఇమ్మనండి. మార్చామన్న ఎంసీబీ పాతది చూపించలేకపోతే ఆ వరుస గురించి ప్రశ్న వేయడం తప్పు కాదు.

పన్ను సంగతి పొట్టిగా. కూలి మీద, సామాను మీద జీఎస్టీ 18 శాతం. వేయాలంటే బిల్లు మీద 15 అక్షరాల జీఎస్టీ నంబరు ఉండాలి, కర్ణాటకది 29తో మొదలవుతుంది. నంబరు లేని మనిషి పన్ను వసూలు చేయకూడదు. ఎమ్మార్పీలో పన్నులన్నీ కలిసే ఉంటాయి, ఎమ్మార్పీ వేసి దాని మీద మళ్లీ 18 శాతం కలిపితే రెండుసార్లు కట్టినట్టు. 'ఇతర ఖర్చులు' అన్న వరుసలో స్క్రూలు, గుల్లలు, టేపు ఉంటాయి. వందల్లో ఉంటే వదిలేయండి, వేలకు పోతే విడమరచమనండి.

మీరెవరన్న దాన్ని బట్టి

అద్దెకున్నవాళ్లు గోడ లోపలి పని ఏదైనా ఓనరుకు వాట్సాప్‌లో చెప్పి, ఒప్పుకున్నాకే చేయించాలి. బిల్లు ఉంటేనే అడ్వాన్సు లెక్కలప్పుడు నోరెత్తగలరు. గీజరు ప్లగ్గు నల్లబడితే సాధారణంగా కారణం వదులు కనెక్షన్. కొత్త సాకెట్ పెట్టినా, కాలిన వైరు కొసను రాగి మెరిసేదాకా కత్తిరించి బిగించకపోతే మళ్లీ కాలుతుంది. ఒకే సాకెట్ రెండుసార్లు మార్చిన బిల్లు వచ్చిందంటే రెండోది అతని తప్పే.

కొత్త ఫ్లాటుకు ఇంటీరియర్ చేయించేవాళ్లకు పాయింటు లెక్క, సామాను సొంతంగా కొనడం. ఇంతకంటే మెరుగైనది లేదు.

పాత సొంత ఇల్లైతే రెండు లెక్కలు కలపండి. మొదట ఒక రోజు కూలికి మొత్తం విప్పి చూపించమనండి: ఎక్కడ ఎర్తు లేదు, ఏ పైపు మూసుకుపోయింది, ఏ వైరు పెళుసెక్కింది. ఆ జాబితా మీద పాయింటు రేటు మాట్లాడండి. నేరుగా గుత్తకిస్తే తెలియని కష్టానికి మేస్త్రీ ముందే కొంత కలుపుకుంటాడు, కష్టం లేకపోయినా అది తిరిగి రాదు.

ఏసీలు, ఇండక్షన్ స్టవ్ పెరిగి మీటరు దగ్గరి మెయిన్ పడిపోతున్నవాళ్లకు పెద్ద ఎంసీబీ పెడితే సరిపోదు. వైరు సైజు అదే ఉండగా ఎంసీబీ పెంచితే కాలేది వైరు. మంజూరైన లోడు పెంచుకోవాలి, దానికి లైసెన్సున్న ఎలక్ట్రికల్ కాంట్రాక్టరు కావాలి. ఆ బిల్లులో బెస్కాంకు కట్టింది వేరు, కాంట్రాక్టరు ఫీజు వేరు వరుసల్లో ఉండాలి. బెస్కాం రసీదు మీ పేరున అడగండి.

డబ్బు ఎప్పుడు ఇవ్వాలి

పైపింగు, వైరింగు, ఫిట్టింగు: పని మూడు దశల్లో నడుస్తుంది, చెల్లింపు కూడా అలాగే నడవాలి. నలభై, నలభై, ఇరవై శాతాలు ఇద్దరికీ ఇబ్బంది లేని పంపకం. చివరి ఇరవై ఇచ్చే ముందు మల్టీమీటరుతో ఒక పవర్ ప్లగ్గులో చూపించమనండి: ఫేజుకు న్యూట్రల్‌కు మధ్య 230 దగ్గర, ఫేజుకు ఎర్తుకు మధ్య కూడా దాదాపు అంతే, న్యూట్రల్‌కు ఎర్తుకు మధ్య ఒకటి రెండు వోల్టులు. ఫేజు-ఎర్తు మధ్య అంకె బాగా తక్కువగా వస్తే ఎర్తు కలవలేదు. ఆర్‌సీసీబీ టెస్ట్ బటన్ మీరే నొక్కండి. డీబీ తలుపు లోపల ఏ ఎంసీబీ ఏ గదిదో రాసి అంటించమనండి. ఆ కాగితం లేకపోతే తర్వాత వచ్చే మనిషి మొదటి గంట అదే వెతుకుతాడు, ఆ గంట కూలి కూడా మీ బిల్లులోనే పడుతుంది.